సూరిబాబు కారుకి ఏ ఆయిల్ పోయాలి

నిడదవోలులో మా ఆయిల్ కొట్టు కౌంటరు వెనక ఇరవయ్యేడేళ్ళు కూర్చున్నాను. అన్నేళ్ళలో నన్ను అడిగిన ప్రశ్నల్లో ముప్పాతిక భాగం ఒకటే ప్రశ్న. "అమ్మగారూ, ఖరీదైనదే పోయించాలా, చౌక డబ్బా సరిపోతుందా?" జవాబు చెప్పడానికి నేనెప్పుడూ తడుముకోలేదు. ఇప్పుడు కొట్టు మా కోడలు చూసుకుంటోంది. తీరిగ్గా కూర్చుని వెనక్కి చూసుకుంటే, తడుముకోకుండా చెప్పిన జవాబుల్లోనే తప్పులు ఎక్కువ కనిపిస్తున్నాయి.

నేను చదివింది ఐదో తరగతి. ఇంజన్ల సంగతి చూసి, విని, ఒకటి రెండుసార్లు పాడుచేసి నేర్చుకున్నాను. ఈ మధ్య మా వైపు ఆడపిల్లలు కూడా స్పేరుపార్టుల కొట్లు పెడుతున్నారు. లైసెన్సులు, జీఎస్టీలు, డీలర్‌షిప్పులు ఎలాగో చెప్పేవాళ్ళు వాళ్ళకి వేరే ఉన్నారు. కౌంటరుకి అవతల నిలబడ్డ మనిషి గురించి చెప్పేవాళ్ళే తక్కువ. నేను రాసేది ఆ మనిషి గురించే.

మూర్తిగారి కొట్టు

సొంత కొట్టు పెట్టకముందు తణుకులో మూర్తిగారి దగ్గర పనిచేశాను. ఆయనది హోల్‌సేలు ఆయిల్ వ్యాపారం. మా ఆయన పక్క షెడ్డులో మెకానిక్కు. డబ్బాల మీద దుమ్ము దులపడానికి చేరిన దాన్ని, ఆర్నెల్లకి కౌంటరు దగ్గరికి వచ్చాను.

నాకు ఇంగ్లీషు చదవడం రాదని మొదటి రోజే చెప్పేశాను. మూర్తిగారు ఒక డబ్బా తీసుకుని వెనక్కి తిప్పారు.

"అంకెలు వచ్చునా?"

"వచ్చునండి."

"చాలు. డబ్బా ముందు వైపు బొమ్మలు గిరాకీ కోసం. వెనక వైపు అంకెలు ఇంజన్ కోసం. నువ్వు వెనక వైపే చూడు."

ఐదు డబల్యూ ముప్పై, పదిహేను డబల్యూ నలభై, ఇరవై డబల్యూ యాభై. చిన్నప్పుడు ఎక్కాలు అప్పజెప్పినట్టు అప్పజెప్పించుకునేవారు. మొదటి అంకె చిన్నదైతే చలిలో కూడా ఆయిల్ తొందరగా పరిగెడుతుందని, రెండో అంకె ఇంజన్ వేడెక్కాక ఎంత చిక్కగా ఉంటుందో చెబుతుందని, వాటి కింద ఉన్న అక్షరాలు ఏ పరీక్ష పాసయిందో చెబుతాయని ఆయనే నేర్పారు. పెద్ద చదువులు చదివిన మెకానిక్కులు కూడా ఇంత సులువుగా చెప్పగా నేను వినలేదు.

ఆయన మంచితనం చెప్పాను కాబట్టి రెండోది కూడా చెప్పాలి. ఏ కంపెనీ ఆ ఏడాది ఆయన్ని విమానమెక్కించి సింగపూరో, బ్యాంకాకో తిప్పి తెచ్చిందో, ఆ ఏడాదంతా ఆ కంపెనీ ఆయిలే గొప్పది. మరుసటి ఏడు ఇంకొకళ్ళు తిప్పితే గొప్పతనం అటు మారేది. "మొన్నటి దాకా అది మంచిదన్నారు కదండీ" అని నేనొకసారి అడిగాను. "మొన్నటి దాకా మంచిదేనమ్మా" అన్నారు, నవ్వకుండా.

నేను ఆయన దగ్గర రెండూ నేర్చుకున్నాను. అంకెలు నేర్చుకున్నానని అప్పుడే తెలుసు. రెండోది కూడా అంటిందని చాలా ఏళ్ళ దాకా తెలియలేదు.

వేళ్ళతో చూడటం

మా వైపు ఆయిల్‌ని కళ్ళతో చూడరు, వేళ్ళతో చూస్తారు. మూత తీసి, చూపుడువేలు ముంచి, బొటనవేలితో రుద్ది, రెండు వేళ్ళూ మెల్లగా విడదీస్తారు. అరిసెల పాకం చూసినట్టే. తీగ సాగితే మంచి ఆయిల్, సాగకపోతే కల్తీ. చెరుకు పండే నేల మాది, ఈ పరీక్ష మా చేతుల్లోనే ఉంది. పాతకాలం ట్రాక్టరుకి, లారీకి ఆ లెక్క కొంతవరకు సరిపోయింది కూడా.

సింథటిక్ ఆయిళ్ళు వచ్చాక చిక్కొచ్చింది. అవి తీగ సాగవు. కొత్త ఇంజన్ల లోపలి దారులు సన్నగా ఉంటాయి కాబట్టి పలచగానే చేస్తారు. ఆ పలచనే వాటి గొప్ప. ఆ మాట వేళ్ళకి ఎలా చెప్పగలం?

భీమవరం వైపు రొయ్యల చెరువులున్న ఒకాయన కొత్త పెట్రోలు కారు తెచ్చారు. కంపెనీ పుస్తకంలో ఉన్న పలచని ఆయిల్ తీసి కౌంటరు మీద పెట్టాను. వేలు ముంచి చూసి నా వైపు ఎగాదిగా చూశారు.

"ఇది ఆయిలాండీ, కొబ్బరినీళ్ళా?"

పక్కన ఫిల్టరు కోసం నిలబడ్డ లారీ డ్రైవరు అందుకున్నాడు. "కొబ్బరినీళ్ళు ఇంతకన్నా చిక్కగా ఉంటాయి లెండి."

కొట్టు కొట్టంతా నవ్వింది. నాకు చెప్పే ఓపిక లేక, ఆయన్ని మెప్పించి పంపేద్దామని, ఇరవై డబల్యూ యాభై డబ్బా తీసిచ్చాను. వేళ్ళ మధ్య చక్కగా తీగ సాగింది. ఆయన సంతోషంగా పోయించుకుని వెళ్ళారు. నెల తిరక్కుండా వెనక్కొచ్చారు. పొద్దున్నే స్టార్టు చేస్తే లోపల గులకరాళ్ళు పోసినట్టు చప్పుడు, మైలేజీ పడిపోయింది. మా ఆయన ఆ చిక్కటి ఆయిలంతా దించేసి, పుస్తకంలో ఉన్నదే పోశారు. చప్పుడు ఆగింది. బండి వెళ్ళిపోయాక చేతులు తుడుచుకుంటూ వచ్చి ఒకటే మాట అన్నారు.

"నువ్వు ఆయన వేళ్ళకి అమ్మావు. ఇంజన్‌కి అమ్మలేదు."

అప్పట్నుంచి ఎవరైనా వేలు ముంచితే, కారులో ఉండే కంపెనీ పుస్తకం తెమ్మని అడగడం మొదలుపెట్టాను. పుస్తకం లేదంటే ఫోనులో చూపించమనేదాన్ని. కొంతమంది విసుక్కునేవారు. విసుక్కున్నవాళ్ళు కూడా మళ్ళీ వచ్చారు.

రెండు డబ్బాలు

అప్పటికి రాజమండ్రిలో పెద్ద సర్వీసు సెంటరు ఒకటి తెరిచారు. చాలా ఊళ్ళలో ఉన్న సెంటరే, దాని బ్రాంచి అక్కడ పెట్టారు. వాళ్ళు ఎక్కడో తయారుచేయించి, తమ పేరు అచ్చువేసుకుని, సొంత సింథటిక్ ఆయిల్ అమ్మడం మొదలుపెట్టారు. పేరున్న కంపెనీ డబ్బాతో పోలిస్తే ధర దాదాపు సగం.

నేను ఆ డబ్బాని చూడకుండానే వెటకారం చేసేదాన్ని. "ఆ ఆయిల్‌కి అమ్మానాన్నలెవరో తెలీదు" అనేదాన్ని. గిరాకీలు నవ్వేవారు. నవ్వుతారని మళ్ళీ అనేదాన్ని.

నా వెటకారానికి కారణం దాచను. మా కొట్టు బోర్డు పెద్ద కంపెనీవాళ్ళు ఊరికే వేయించి ఇచ్చారు. దాని మీద మా పేరు కన్నా వాళ్ళ పేరు పెద్దది. ఏడాదికోసారి వాళ్ళ మనిషి వచ్చి గోడ గడియారమో, ప్రెషర్ కుక్కరో ఇచ్చి, రెండు మంచిమాటలు చెప్పి వెళ్ళేవాడు. ఐదో తరగతి చదివిన దాన్ని "మేడమ్" అనేవాడు. సింగపూరు దాకా అక్కర్లేకపోయింది, నాకు కుక్కరు చాలింది.

ఇప్పుడు తెలిసింది చెబుతాను. రెండు డబ్బాల వెనకా ఒకే అంకె, ఒకే పరీక్ష పేరు ఉంటే, ఆ రెండూ ఒకే పరీక్ష పాసయినట్టు. ఒకరికి మార్కులు ఎక్కువ వచ్చి ఉండవచ్చు. ఎండలో, బరువుతో, ఆగకుండా రోజంతా తిరిగే బండికి ఆ ఎక్కువ మార్కులు పనికొస్తాయి. ఊళ్ళో బడికీ బజారుకీ తిరిగే కారుకి ఆ తేడా ఇంజన్ చచ్చేదాకా తెలియదు. పరీక్ష పేరే లేని డబ్బా మాత్రం ఎంత చౌకైనా, ఎంత మెరిసినా ముట్టుకోవద్దు.

పేరున్న డబ్బాకి ఇంకో గండముంది. నకిలీలు పుట్టేది పేరున్నవాటికే. ఒకసారి పాతసామాన్లు కొనే అతను వచ్చి ఖాళీ డబ్బాలకి మంచి ధర ఇస్తానన్నాడు.

"పగలకుండా ఉండాలండి. మూతలు కూడా కావాలి."

"మూతలెందుకు బాబూ?"

"మంచినీళ్ళు పోసుకోడానికండి."

"మీ ఇంట్లో మంచినీళ్ళకి మూడున్నర లీటర్ల ఆయిల్ డబ్బా వాడతారా?"

గబగబా వెళ్ళిపోయాడు. ఆ రోజు నుంచి, కొట్టు పక్కనే మా ఆయన పెట్టుకున్న షెడ్డులో ఆయిల్ పోయగానే బండి యజమాని ఎదురుగా ఖాళీ డబ్బాకి మేకుతో రెండు చోట్ల పొడిచి పారేయడం అలవాటు చేశాం. ఈ పనిలోకి కొత్తగా వచ్చినవాళ్ళు ఇంకేమీ చేయకపోయినా ఈ ఒక్కటీ చేయండి.

సూరిబాబు

సూరిబాబుది టాక్సీ. టర్బో ఉన్న పాత డీజిలు కారు, సెకండ్ హ్యాండుది. ఊళ్ళో రిటైరైన లెక్కల మాస్టారొకరికి కిడ్నీలు పాడైతే, వారానికి మూడుసార్లు రాజమండ్రి డయాలసిస్‌కి తీసుకెళ్ళి తీసుకొచ్చేవాడు. పొద్దున్న ఏడింటికి అక్కడుండాలి. నాలుగు గంటలు మిషను మీద. అది అయ్యేదాకా సూరిబాబు ఆసుపత్రి బయట కారు కడుక్కుంటూ ఉండేవాడు. ఆ కారు ఆగితే మాస్టారికి మిషను తప్పుతుంది. మాస్టారి ట్రిప్పులు పోతే సూరిబాబుకి ఇల్లు గడవడం కష్టం. ఇద్దరి సంగతీ మా కొట్లో అందరికీ తెలుసు.

ఒకరోజు సూరిబాబు రాజమండ్రి నుంచి వస్తూ ఆ సర్వీసు సెంటరు డబ్బా ఒకటి తెచ్చి కౌంటరు మీద పెట్టాడు. కొట్లో నలుగురైదుగురు ఉన్నారు.

"అక్కగారూ, ఇది పోయమంటారా? అంకె అదేనండి. మనం పోసేదీ ఇదే అంకె కదా."

నేను డబ్బా వెనక్కి తిప్పలేదు. మూర్తిగారు నేర్పిన మొదటి పాఠం ఆ రోజు గుర్తుకు రాలేదు.

"మాస్టారి ప్రాణం మోసే బండయ్యా ఇది. దీనికి ఊరూ పేరూ లేనిది పోస్తావా? ఆ డబ్బా పట్టుకెళ్ళి మీ తలుపు బందులకి రాసుకో, కిర్రు తగ్గుద్ది."

అందరూ నవ్వారు. సూరిబాబు కూడా నవ్వాడు. "ఆయ్, అలాగేనండి" అని డబ్బా తీసి సంచిలో పెట్టుకుని, పేరున్న కంపెనీదే కొని పోయించుకున్నాడు. మా ఆయన ఎప్పటిలాగే కారు తలుపు లోపల వైపు, మళ్ళీ ఎన్ని కిలోమీటర్లకి మార్చాలో రాసి స్టిక్కరు అంటించారు. నేను మంచిపని చేశాననుకున్నాను.

ఎనిమిది తొమ్మిది నెలలు గడిచాయి. ఒక పొద్దున్న, చాగల్లు దాటాక కొవ్వూరు ఇంకా రాకముందు, కారు ఈలవేసినట్టు అరిచి, వెనకంతా నీలం పొగ కక్కి, ఇక లాగనంది. లోపల మాస్టారు, వాళ్ళావిడ ఉన్నారు. సూరిబాబు రోడ్డు మీద చేతులడ్డం పెట్టి పాల ఆటో ఒకటి ఆపి, క్యాన్లు పక్కకి జరిపి, వాళ్ళిద్దర్నీ అందులో కూర్చోబెట్టి పంపాడు. వాళ్ళు వెళ్ళేసరికి మాస్టారి మిషను ఇంకొకరికి ఇచ్చేశారు. బతిమాలితే మధ్యాహ్నం రెండు గంటలసేపు ఇచ్చారు. ఆయన రెండ్రోజులు కాళ్ళు వాచి, ఆయాసంతో కూర్చునే నిద్రపోయారట.

కారుని తాడు కట్టి మా షెడ్డుకి లాక్కొచ్చారు. మా ఆయన ముందు ఆయిల్ మట్టం చూసే గేజీ కడ్డీ తీస్తే కొస కూడా తడవలేదు. తర్వాత కింద నట్టు విప్పారు. ఆయిల్ ధారగా పడలేదు. ముద్దలు ముద్దలుగా, రోడ్డేసే తారులాగా జారింది. గేజీ కడ్డీ తీస్తే కొస కూడా తడవలేదు. టర్బో అంటే పొగ బయటికెళ్ళే దారిలో తిరిగే చిన్న చక్రం. మన కంటికి అందని వేగంతో తిరుగుతుంది, దానికి ఆధారమంతా పల్చటి ఆయిల్ పొర. ఆ పొర అందక అరిగిపోయింది. నేను వెళ్ళి తలుపు లోపల స్టిక్కరు చూశాను. మార్చాల్సిన కిలోమీటర్లు దాటి, మళ్ళీ దాదాపు అంత దూరం తిరిగాడు.

నాకు ఒళ్ళు మండింది.

"ఏంటిది సూరిబాబూ? స్టిక్కరు నీ మోకాలి పక్కనే ఉంది కదయ్యా. అంకెలు రావా నీకు?"

"వచ్చండి."

"మరి?"

వాడు తల దించుకుని షెడ్డు గుమ్మం దగ్గర నిలబడ్డాడు. అడగ్గా అడగ్గా చెప్పాడు.

"ఖరీదైన ఆయిల్ కదండీ. తొందరగా పారబోయడం ఎందుకు, మంచిది కదా ఇంకొన్నాళ్ళు ఆగుద్దిలే అనుకున్నానండి. తర్వాత నెలలో కొందామంటే పాపకి జ్వరం వచ్చింది. ఆ తర్వాత నెల టైర్లు. మధ్యలో వేలితో చూస్తే పలచబడ్డట్టుంటే, బంకులో లీటరు చిక్కటిది కొని కలిపానండి."

"నాకొక మాట చెప్పొచ్చు కదా. వేరే దారి చూసేవాళ్ళం."

"ఒకసారి చెప్పానండి" అన్నాడు. గొంతులో నిష్ఠూరం కూడా లేదు. "డబ్బా తెచ్చి అడిగాను కదా. తలుపు బందులకి రాసుకోమన్నారు."

కారు కింద మా ఆయన రెంచీ చప్పుడు ఆగిపోయింది.

ఆ డబ్బా ఏమయిందని అడిగాను. బావమరిదికి ఇచ్చేశాడట. బావమరిది కూడా టాక్సీయే, అదే కంపెనీ, అదే ఏడాది కారు. చౌక కాబట్టి టైముకి మారుస్తున్నాడట, అదే డబ్బా కొంటున్నాడట. మర్నాడు ఆ కారుని రమ్మన్నాం. మా ఆయన ఇంజన్ మీద ఆయిల్ పోసే మూత తిప్పి, టార్చి వేసి లోపలికి చూశారు. నన్ను పిలిచి చూపించారు. లోపల ఇనుము శుభ్రంగా, తేనెరంగులో మెరుస్తోంది. అదే టార్చితో సూరిబాబు కారు చూపించారు. పొయ్యి మీద మాడిన బెల్లం గిన్నె అడుగులా ఉంది.

పేరున్న ఆయిల్ తప్పేమీ లేదు. టైముకి మార్చి ఉంటే ఆ కారు కూడా అలాగే మెరిసేది. తప్పు ఎక్కడంటే, ఒకసారి కొనగలిగి రెండోసారి కొనలేని ఆయిల్ వాడి చేత నేను కొనిపించాను. పైగా, కొనలేనని చెప్పుకోడానికి వాడికి నోరు లేకుండా చేశాను. ఖరీదైన మందు ఒక్క మోతాదు రాసి, రెండో మోతాదు సంగతి అడగని డాక్టరు లాంటిదాన్ని నేను.

మాస్టారి ఇల్లు

ఇంజన్ పైభాగం విప్పి కడిగి, సైలెన్సర్ నుంచి మసి తీసి, రాజమండ్రి నుంచి బాగుచేసిన టర్బో తెచ్చి బిగించేసరికి తొమ్మిది రోజులు పట్టింది. పని కూలి మా ఆయన తీసుకోలేదు. ఆ తొమ్మిది రోజులూ మాస్టారు వేరే కారులో వెళ్ళారు. బాగయ్యాక సూరిబాబు వాళ్ళింటికి వెళ్తే, మాస్టారి భార్య గుమ్మంలోనే, "వేరే కారు మాట్లాడుకున్నాం బాబూ, ఏమీ అనుకోకు" అన్నారట. వాడొచ్చి ఆ మాట చెప్పి, "వాళ్ళ తప్పేముందండి, పెద్దాయన ప్రాణం కదా" అని మా బెంచీ మీద కూర్చున్నాడు.

నేను చీర మార్చుకుని వాళ్ళింటికి బయలుదేరాను. ఏం చెప్పాలో దారి పొడుగునా అనుకుంటూనే ఉన్నాను గాని, తీరా వెళ్ళాక ఒక్కటీ గుర్తుకు రాలేదు. మాస్టారు మంచం మీద దిండు ఆనుకుని పేపరు చదువుకుంటున్నారు. వాళ్ళావిడ్ని నేను పిన్నిగారూ అంటాను. ఆవిడ మంచినీళ్ళిచ్చి ఎదురుగా కూర్చున్నారు.

"సూరిబాబు పంపాడా?" అని అడిగారు.

"లేదు పిన్నిగారూ. వాడికి తెలీదు. ఆ రోజు కారు ఆగింది నా వల్ల. అది చెబుదామని వచ్చాను."

జరిగిందంతా చెప్పాను. డబ్బా తేవడం, నేను వెటకారం చేయడం, అందరూ నవ్వడం, వాడు సిగ్గుపడి మళ్ళీ అడగకపోవడం. చెబుతుంటే నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. కొట్లో ఎప్పుడూ నలుగురికీ వినపడేలా మాట్లాడే దాన్ని.

పిన్నిగారు వెంటనే కరగలేదు. కరగాలని నేనూ అనుకోలేదు.

"నీ వల్లో, వాడి వల్లో. ఆ పాల ఆటోలో నేను ఈయన్ని ఎలా పట్టుకుని కూర్చున్నానో నాకే తెలుసమ్మా. ఇప్పుడు ఆ కారెక్కమంటే నాకు గుండె ఆగుద్ది."

"ఎక్కమని అడగట్లేదండి. వాడు నిర్లక్ష్యం చేశాడని అనుకోవద్దని చెప్పడానికే వచ్చాను."

మాస్టారు పేపరు మడిచి పక్కన పెట్టారు.

"ఇప్పుడు అందులో ఏం ఆయిల్ పోశారమ్మా?"

"సూరిబాబు తెచ్చిన రకమేనండి. సర్వీసు సెంటరుది."

"మీ కొట్లో ఉందా అది?"

"లేదండి. బోర్డు ఇచ్చిన కంపెనీవాళ్ళు మమ్మల్ని అమ్మనివ్వరు. రాజమండ్రిలోనే కొనుక్కోమన్నాను. ఎలాగూ మీకోసం ఆగుతాడు కదా అని." నాలుక కరుచుకున్నాను. "అంటే, ఇంతకుముందు ఆగేవాడు కదా."

మాస్టారు నవ్వారు. ముఖం ఇంకా ఉబ్బుగానే ఉంది. "అంటే మీరు అమ్మని ఆయిల్ పోయించుకోమని మీరే చెప్పారు."

"అవునండి."

"ఎన్నాళ్ళకి మార్చాలి?"

"పుస్తకంలో రాసిన దానికన్నా ముందే మార్చమన్నానండి. వాడు అంత తిరుగుతాడు. సగం ధర కాబట్టి వాడు మార్చగలడు. మార్చాడో లేదో నేనే చూస్తాను. కిలోమీటర్ల అంకె వారానికోసారి నా ఫోనుకి పంపమన్నాను."

ఆయన వాళ్ళావిడ వైపు చూశారు. "ఈ తొమ్మిది రోజులూ ఆ కొత్త కారబ్బాయి నన్ను ఒక్కసారైనా చెయ్యి పట్టుకుని దింపాడా?"

ఆవిడ మంచం మీద దుప్పటి సర్దారు.

"సూరిబాబు నన్ను పాల క్యాన్ల మధ్య కూర్చోబెట్టి ఏడ్చాడు. నువ్వు నన్ను చూస్తూ వాణ్ణి చూడలేదు. నేను చూశాను."

పిన్నిగారు కొంగు కొస మెలిపెడుతూ నా వైపు తిరిగి అన్నారు, "ఒకపని చెయ్యి. ఎల్లుండి నువ్వు కూడా మాతో రా. దారిలో ఏదైనా తేడా వస్తే, నీకు చప్పుడు తెలుస్తుంది కదా, ముందే చెప్పు. నువ్వు కూర్చుంటే నేనూ కూర్చుంటాను."

అనుకున్న రోజున ఇంకా చీకటి విడవకముందే సూరిబాబు మా ఇంటి ముందుకి వచ్చాడు. నేను ముందు సీట్లో కూర్చున్నాను. వెనక మాస్టారు, పిన్నిగారు. నేను చెవులు ఇంజన్‌కి అప్పజెప్పి, చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. ఇన్నేళ్ళు ఆయిల్ అమ్మాను గాని, నేను చెప్పి పోయించిన ఆయిల్ మీద కూర్చుని ప్రయాణం చేయడం అదే మొదటిసారి. ఈ పనిలోకి వచ్చేవాళ్ళందరూ ఒకసారి అలా కూర్చోవాలి. చెప్పే సలహా నోట్లోంచి నెమ్మదిగా వస్తుంది.

చాగల్లు దాటింది. కారు ఆగిన చోటు దగ్గరపడుతుంటే సూరిబాబు రెండు చేతులూ స్టీరింగు మీద గట్టిగా బిగించాడు. ఆ చోటు కూడా దాటింది. కొవ్వూరు వచ్చింది. ఇంజన్ సన్నగా, ఒకే శ్రుతిలో నడుస్తోంది. వంతెన ఎక్కాం. అవతల ఒడ్డున రాజమండ్రి దీపాలు ఇంకా ఆర్పలేదు. నాకు ధైర్యం వచ్చి, సూరిబాబు వైపు తిరిగి ఏదో చెప్పబోయాను.

వెనక నుంచి పిన్నిగారు నా భుజం మీద చెయ్యి వేశారు.

"మాట్లాడకండి" అన్నారు మెల్లగా. "ఆయన నిద్రపోయారు."